నాన్నగారి బ్లడ్ కల్చర్‌లో ఎగర్తెల్లా లెంటా వచ్చింది, జ్వరం తగ్గాక కూడా స్కాన్ ఎందుకు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. వణుకుతో జ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్చారు. పొత్తికడుపు ఎడమవైపు కొన్నాళ్లుగా పట్టేసినట్టు ఉంటే గ్యాస్ అనుకుని ఊరుకున్నారు. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో రెండు రోజులు ఏమీ లేదన్నారు, మూడో రోజు ఒక బాటిల్ పాజిటివ్ అన్నారు, ఆరో రోజు ఎగర్తెల్లా లెంటా అనే బ్యాక్టీరియా అని పేరు చెప్పి మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి మార్చారు. ఇప్పుడు జ్వరం లేదు, అన్నం తింటున్నారు, అయినా సీటీ స్కాన్ చేయాలి, కొన్ని వారాల తర్వాత కొలనోస్కోపీ, అంటే గొట్టం పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష కూడా చేయాలి అంటున్నారు. నెట్‌లో వెతికితే "చాలా అరుదు, ప్రాణాంతకం" అని కనబడి మీకు టెన్షన్ పట్టుకుంది.

నేను మైక్రోబయాలజీ డాక్టర్ని, చాలా ఏళ్లుగా ఈ బ్లడ్ కల్చర్ బాటిల్స్‌తోనే నా పని. నాన్నగారి ఫైలు నా ముందు లేదు కాబట్టి మందు గురించి తుది మాట ఆయన్ని చూస్తున్న డాక్టరుదే. కానీ మీరు అడిగినవాటిలో చాలావాటికి సూటిగా జవాబు చెప్పొచ్చు.

ఇది ఆసుపత్రిలో అంటుకున్నది కాదు. మీకు గానీ పిల్లలకు గానీ అంటదు, పక్కన కూర్చోవచ్చు, చేయి పట్టుకోవచ్చు. ఫలానాది తిన్నందుకు వచ్చిందీ కాదు. ఆ బ్యాక్టీరియా నాన్నగారి పెద్దపేగులో ఎప్పటినుంచో ఉన్నదే, మనలో చాలామంది పేగుల్లో ఉన్నదే. అది పేగులో ఉండటం మామూలు సంగతి, రక్తంలో దొరకడమే అరుదు. అందుకే ఇప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న, "ఇదేం బ్యాక్టీరియా" అని కాకుండా "ఇది రక్తంలోకి ఏ దారిన వచ్చింది" అని. స్కాన్ ఆ దారి వెతకడానికే. మీ డాక్టరు సరైన పనే చేస్తున్నారు.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా సగం భయం దానంతటదే పోతుంది.

పెద్దపేగులో ఉన్న పదార్థం ఒక్క గ్రాములో సుమారు పదివేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో దాదాపు అన్నీ ఎనరోబ్స్, అంటే ఆక్సిజన్ లేనిచోటే పెరిగేవి. మనందరికీ పేరు తెలిసిన ఈ.కోలై లాంటివి వాటితో పోలిస్తే వందల వంతు, వేల వంతు తక్కువ. మరి లెక్క ప్రకారం రక్తంలో ఇన్ఫెక్షన్లన్నీ ఎనరోబ్స్ వల్లే రావాలి కదా? రావు. బ్లడ్ కల్చర్ పాజిటివ్ వచ్చినవాటిలో వీటి వాటా మామూలుగా నూటికి ఐదు లోపే, కొన్ని చోట్ల కాస్త ఎక్కువ. కారణం ఏంటంటే రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, అది చాలా ఎనరోబ్స్‌కి విషం. దానికి తోడు పేగుల నుంచి వచ్చే రక్తం ముందు లివర్ గుండా వెళ్లాలి, అక్కడ కాపలా ఉండే కణాలు వచ్చినవాటిని వచ్చినట్టే మింగేస్తాయి. పళ్లు తోముకున్నప్పుడు కూడా నాలుగు బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తాయి, నిమిషాల్లో మాయమైపోతాయి, మనకి తెలియను కూడా తెలియదు.

కాబట్టి ఒక పేగు ఎనరోబ్ రక్తంలో బతికి, బాటిల్ దాకా వచ్చి, అక్కడ పెరిగిందంటే రెండింట్లో ఒకటి జరిగుండాలి. ఎక్కడో పేగు పొర దెబ్బతిని పెద్ద మొత్తంలో లోపలికి దిగుతూ ఉండాలి, లేదా శరీరంలో ఎక్కడో చీము గడ్డలా ఒక స్థావరం ఏర్పడి అక్కడి నుంచి రక్తంలోకి వస్తూ ఉండాలి. చీము గడ్డ లోపల ఆక్సిజన్ ఉండదు, వాటికి అది సొంత ఇల్లే.

ఇంకో సంగతి, ఇది నాకు ఎప్పుడూ ఆసక్తిగా ఉంటుంది. పేగులో ఎక్కువ సంఖ్యలో ఉన్నవే రక్తంలోకి వస్తాయని ఏమీ లేదు. ఫీకాలిబ్యాక్టీరియమ్ అని ఒకటుంది, ఆరోగ్యవంతుల పేగుల్లో కోకొల్లలు, కానీ గాలి తగిలితే నిమిషాల్లో చచ్చిపోతుంది, రక్తంలో దాని ఊసే దాదాపు ఉండదు. బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ మాత్రం పేగులో నూటికి ఒకటో రెండో ఉంటుంది, అయినా రక్తంలో దొరికే ఎనరోబ్స్‌లో మొదటి స్థానం దానిదే. దానికి ఆక్సిజన్ విషాన్ని విరగ్గొట్టే ఎంజైములున్నాయి, కాసేపు తట్టుకోగలదు. పైగా దాని ఒంటి మీదున్న ప్రత్యేకమైన చక్కెర పొర చీము గడ్డ కట్టించగలదు. దీన్ని 1898లోనే వేయాన్, జూబర్ అనే ఇద్దరు ఫ్రాన్స్‌లో అపెండిక్స్ చీములోంచి వేరుచేశారు. అంటే ఈ కథ కొత్తదేం కాదు.

ఎగర్తెల్లా లెంటా ఆ వరసలో వెనక ఉంటుంది. చిన్న కడ్డీ ఆకారం, గ్రామ్ పాజిటివ్, అంటే గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఊదారంగు పట్టే రకం. ఇదివరకు యూబ్యాక్టీరియమ్ లెంటమ్ అనేవారు, 1999లో పేరు మారింది. మీరు పాత పేరుతో వెతికినా సమాచారం దొరుకుతుంది. ఇది రక్తంలో దొరికిన పేషెంట్లలో ఎక్కువమందికి కడుపులోనే ఏదో ఒకటి బయటపడుతుంది: అపెండిక్స్ పగలడం, డైవర్టిక్యులైటిస్ అంటే పెద్దపేగు గోడలో చిన్న సంచుల్లాంటివి ఏర్పడి వాచిపోవడం, పేగుకి చిల్లు పడటం, పేగు అడ్డుపడటం, పెద్దపేగు క్యాన్సర్, లివర్‌లో చీము. కొందరిలో మంచాన పడి నడుం కింద వచ్చిన పెద్ద పుండు. నాన్నగారికి ఎడమవైపు పొత్తికడుపు నొప్పి అన్నారు కదా, ఆ వయసులో ఆ చోట అంటే నాకు మొదట తోచేది డైవర్టిక్యులైటిసే. దానివల్లే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను, స్కాన్ తేలుస్తుంది.

ఇక "ప్రాణాంతకం" అన్న మాట. ప్రచురితమైన కేసులు చూస్తే ఎగర్తెల్లా రక్తంలో దొరికినవాళ్లలో నెల రోజుల్లో చనిపోయినవాళ్లు చాలా చోట్ల ఐదింట ఒక వంతు నుంచి మూడింట ఒక వంతు దాకా ఉన్నారు. అంకె చూసి గుండె ఆగినంత పనవుతుంది, నిజమే. కానీ ఆ లెక్కలోకి ఎవరు వచ్చారో చూడండి: ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లు, పేగు పగిలి ఐసీయూలో ఉన్నవాళ్లు, కారణం దొరకడం ఆలస్యమైనవాళ్లు. చాలాసార్లు ప్రాణం తీసేది దాని వెనకున్న జబ్బే. సరైన మందు పడి, జ్వరం దిగి, కూర్చుని అన్నం తింటున్న మనిషి ఆ సగటులో మంచి వైపు ఉన్నట్టు.

ఇప్పుడు మీరు కోపంగా అడిగిన ప్రశ్న, రిపోర్టుకి ఆరు రోజులెందుకు? ల్యాబ్ నిర్లక్ష్యమా అన్నారు. నా పని ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

బ్లడ్ కల్చర్‌కి ఒక సెట్ అంటే రెండు బాటిల్స్, ఒకటి గాలి ఉన్నది, ఒకటి గాలి లేనిది. పెద్దవాళ్లకి ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి, కనీసం రెండు సెట్లు తీయాలి. అంత రక్తం ఎందుకని చాలామంది అడుగుతారు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషిలో కూడా ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా ఉండొచ్చు, అదీ లేకపోవచ్చు. తక్కువ రక్తం తీస్తే అది దొరకదు. బటర్‌ఫ్లై సూదితో తీస్తే ముందు గాలి బాటిల్ నింపాలి, ఎందుకంటే ట్యూబులో ఉన్న కాస్త గాలి దాన్లోకి వెళ్లాలి. సిరంజితో తీస్తే ముందు ఎనరోబిక్ బాటిల్. ఇంత చిన్న విషయం తప్పినా ఇలాంటి బ్యాక్టీరియా చేజారిపోవచ్చు.

బాటిల్ మెషీన్‌లో కూర్చుంటుంది, 35 డిగ్రీల పైన వెచ్చగా, కదుపుతూ. బ్యాక్టీరియా పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బాటిల్ అడుగునున్న సెన్సర్ మారుతుంది, మెషీన్ కూస్తుంది. ఈ.కోలై అయితే పన్నెండు గంటల లోపే కూసేస్తుంది. ఎగర్తెల్లాకి రెండు మూడు రోజులు మామూలే, ఒక్కోసారి నాలుగు. అందుకే "48 గంటలకి ఏమీ పెరగలేదు" అన్న మధ్యంతర రిపోర్టుకి అర్థం "ఇప్పటిదాకా లేదు" అనే తప్ప "ఇక రాదు" అని కాదు. బాటిల్‌ని ఐదు రోజులు ఉంచేది అందుకే.

కూసిన బాటిల్‌లోంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద గ్రామ్ స్టెయిన్ చేస్తాం. పావుగంట పని. సన్నని ఊదారంగు కడ్డీలు కనబడతాయి. ఆ మాట వెంటనే ఫోన్లో డాక్టరుకి చెప్తాం. బాటిల్‌లోంచే ఇంకో చుక్కని బ్యాక్టీరియా పెంచే ప్లేట్ల మీద వేస్తాం, గాలిలో ఉంచే మామూలు ప్లేట్ల మీద, గాలి లేకుండా ఉంచే ఎనరోబిక్ ప్లేట్ మీద. ఎనరోబిక్ ప్లేట్‌ని మూత బిగించే జార్‌లో పెట్టి, ఆక్సిజన్‌ని పీల్చేసే ప్యాకెట్ ఒకటి లోపల వేసి, పక్కన ఒక సూచిక పెడతాం. గాలి ఉన్నంతసేపు అది గులాబీ రంగులో ఉంటుంది, ఆక్సిజన్ పోయాక రంగు విరిగి తెల్లబడుతుంది. తెల్లబడకపోతే జార్ లీకవుతున్నట్టే, మళ్లీ మొదటికి. మర్నాడు ఉదయం మామూలు ప్లేట్లు తీస్తే ఖాళీ, తుడిచిపెట్టినట్టు ఉంటాయి. బాటిల్ కూసింది, స్లైడ్‌లో కనబడింది, ప్లేట్ మీద మాత్రం ఏమీ లేదు. ఇది ఎనరోబ్ అని చెప్పే గుర్తు అదే. అప్పుడు చేయి ఊరుకోదు, జార్ తెరిచి చూద్దామనిపిస్తుంది. తెరవకూడదు. మొదటి రోజుల్లో ఆక్సిజన్ తగిలితే అప్పుడప్పుడే మొలకెత్తుతున్న కాలనీ, అంటే బ్యాక్టీరియా గుంపు, చచ్చిపోతుంది. 48 గంటలు ఆగి తెరిస్తే సూదిమొన అంత, దీపం ఏటవాలుగా పెడితేనే కనబడే పారదర్శకమైన చుక్కలు ఉంటాయి.

వాటిని మాల్డీ-టాఫ్ మెషీన్‌లో పెడితే నిమిషాల్లో పేరు వస్తుంది. లేజర్ కొట్టి ప్రొటీన్ల నమూనా చూసి డేటాబేస్‌తో పోలుస్తుంది. ఆ మెషీన్ లేనిచోట పాత పద్ధతిలో రసాయన పరీక్షలు, ఇంకో రెండు మూడు రోజులు, అప్పటికీ పేరు తప్పొచ్చు. డేటాబేస్‌లో లేని అరుదైనదైతే 16ఎస్ జీన్ సీక్వెన్సింగ్‌కి, అంటే దాని జన్యువు చదివి పేరు తేల్చే పరీక్షకి పంపాలి. ఆ తర్వాత ఏ మందుకి లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష, దానికీ మళ్లీ రెండు రోజులు. కూడి చూడండి, ఆరు రోజులకి పేరు వచ్చిందంటే మీ ల్యాబ్ వాళ్లు చకచకా పనిచేసినట్టే. పైగా "గ్రామ్ పాజిటివ్ కడ్డీలు, ఒక్క బాటిల్, చర్మం మీది చెత్త అయ్యుంటుంది" అని పక్కన పెట్టేయకుండా పేరు దాకా వెళ్లారు. అలా పక్కన పెట్టేయడం జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే చర్మం మీదుండే క్యూటిబ్యాక్టీరియమ్ కూడా ఎనరోబిక్ బాటిల్‌లో ఆలస్యంగా, అదే రూపంలో పెరుగుతుంది, అది చాలావరకు కలుషితమే. అందుకే పేరు తెలియడం ముఖ్యం. ఎగర్తెల్లా, బ్యాక్టీరాయిడిస్ లాంటివి ఒక్క బాటిల్‌లో వచ్చినా కలుషితం అని కొట్టిపారేయడానికి వీల్లేదు, అవి చర్మం మీద ఉండే రకం కాదు.

ఒకప్పుడు ఎనరోబిక్ బాటిల్ దండగ, ఆ రక్తం కూడా గాలి బాటిల్‌లోనే పోయండి అన్న వాదన గట్టిగానే నడిచింది, ఎందుకంటే ఈ కేసులు తగ్గుతూ వచ్చాయి. తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు తమ లెక్కలు 2007లో ప్రచురించారు: 1993-96తో పోలిస్తే 2001-04 నాటికి వాళ్ల దగ్గర ఎనరోబిక్ రక్త ఇన్ఫెక్షన్లు 74 శాతం పెరిగాయి. క్యాన్సర్ చికిత్సలు, అవయవ మార్పిడులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, వయసు మీదపడ్డ పేషెంట్లు ఎక్కువవడమే కారణమని అభిప్రాయం. నా మటుకు నేను ఆ బాటిల్ తీసేయమన్న ఎవరి మాటా వినను.

మందు ఎందుకు మార్చారు అన్నారు. పిపరాసిలిన్-టాజోబాక్టమ్ చాలా ఎనరోబ్స్ మీద బాగా పనిచేసే మందే, మొదట అది పెట్టడం తప్పేమీ కాదు. కానీ ఎగర్తెల్లా విషయంలో ఆ మందు అంచు మీద ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని ఆపడానికి కావలసిన మోతాదు తరచుగా ఎక్కువ వస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ అయితే దాదాపు పనిచేయదు. మెరోపెనెమ్, మెట్రోనిడజోల్ మామూలుగా పనిచేస్తాయి. అందుకే పేరు తెలియగానే మార్చారు. పేరు తెలియడం వల్ల ఒరిగేదేంటి అని మీరు అడిగారు కదా, ఇదే.

చాలామందిలో, డాక్టర్లలో కూడా, "ఎనరోబ్ అంటే మెట్రోనిడజోల్" అని ఒక అలవాటు పాతుకుపోయింది. సగానికి పైగా నిజమే. కానీ యాక్టినోమైసిస్, క్యూటిబ్యాక్టీరియమ్, లాక్టోబాసిల్లస్ మీద అది పనిచేయదు. క్లాస్ట్రిడియమ్ ఇన్నోక్యువమ్ మీద వాంకోమైసిన్ సరిగా పనిచేయదు, గ్రామ్ పాజిటివ్ కదా అని అది పెడితే దెబ్బతింటాం. జెంటామైసిన్, అమికాసిన్ అసలు ఏ ఎనరోబ్ మీదా పనిచేయవు, ఎందుకంటే ఆ మందు బ్యాక్టీరియా లోపలికి దూరడానికే ఆక్సిజన్ వాడుకునే యంత్రాంగం కావాలి. క్లిండామైసిన్‌కి బ్యాక్టీరాయిడిస్‌లో నిరోధకత బాగా పెరిగిపోయింది. ఇంకో మాట, మెరోపెనెమ్‌తో పాటు మెట్రోనిడజోల్ కూడా ఎక్కిస్తుంటే "రెండూ అవసరమా" అని మర్యాదగా అడగొచ్చు. మెరోపెనెమ్ ఒక్కటే చాలావరకు సరిపోతుంది. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో రెండూ పెడతారు, కాబట్టి అడగండి, మీ అంతట మీరు ఆపించకండి.

ఇక స్కాన్. జ్వరం తగ్గింది కదా ఇంకెందుకు అన్నారు. మెరోపెనెమ్ రక్తంలో ఉన్నవాటిని చంపేస్తుంది, జ్వరం దిగుతుంది. కానీ లోపల చీము గడ్డ ఉంటే మందు దాని మధ్యలోకి సరిగా వెళ్లదు. నివురుగప్పిన నిప్పులా ఉండి, మందు ఆపిన వారానికో పది రోజులకో మళ్లీ వణుకు మొదలవుతుంది. గడ్డ పెద్దదైతే సూదితోనో గొట్టం పెట్టో చీము తీయాల్సిందే. స్కాన్‌లో ఇంకోటి కూడా చూడమని చెప్తాను: పేగుల నుంచి లివర్‌కి వెళ్లే పెద్ద సిర, పోర్టల్ వెయిన్. కడుపులో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఆ సిరలో రక్తం గడ్డకట్టి అందులోనే ఇన్ఫెక్షన్ కూర్చోవచ్చు. బ్యాక్టీరాయిడిస్‌తో ఇది బాగా తెలిసిన సంగతి. స్కాన్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ మందు వల్ల కిడ్నీల మీద భారం పడుతుందేమో అని మీకు బెంగ ఉంటే, నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశారా అని అడగండి, ఆయన మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతీ ముందే చెప్పండి.

కొలనోస్కోపీ మాటకొస్తే, ఇక్కడ పేరుని బట్టి తీవ్రత మారుతుంది. క్లాస్ట్రిడియమ్ సెప్టికమ్ అనేది రక్తంలో దొరికితే, ఇంకే కారణం కనబడకపోయినా, పెద్దపేగు క్యాన్సర్ కోసమో రక్త క్యాన్సర్ కోసమో వెతకాల్సిందే. ఆ సంబంధం అంత బలమైనది. 2018లో హాంకాంగ్ పరిశోధకులు రక్తంలో బ్యాక్టీరియా దొరికిన వేలమంది పేషెంట్లని తర్వాతి సంవత్సరాల్లో గమనించి, బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్, ఫ్యూసోబ్యాక్టీరియమ్ న్యూక్లియేటమ్, పెప్టోస్ట్రెప్టోకాకస్, రెండు రకాల క్లాస్ట్రిడియమ్ లాంటివి దొరికినవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ఎక్కువగా బయటపడిందని చూపించారు. నోటిలో ఉండే పార్విమోనాస్ మైక్రా కూడా ఈ జాబితాలోకి వస్తోంది. ఎగర్తెల్లాకి సంబంధం అంత పదునుగా లేదు, కానీ పేగులో ఏదో ఉందని చెప్పే సూచనగా తీసుకుంటాం. చూడమన్నంత మాత్రాన క్యాన్సర్ ఉందని కాదు. పుండైన పొరలోంచి బ్యాక్టీరియా దిగింది, ఆ పొర ఎందుకు పుండైందో కళ్లతో చూడాలి, అంతే. వాపు ఉన్న పేగులో ఇప్పుడే గొట్టం పెడితే చిల్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి, వాపు చల్లారాక, మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చేస్తారు. అప్పటికి ఆయన తిరుగుతుంటారు, "బాగానే ఉన్నాను కదా, ఎందుకు" అంటారు, మీకూ అలాగే అనిపిస్తుంది. తేదీ ఇప్పుడే రాసి పెట్టించుకోండి, డిశ్చార్జ్ కాగితం మీద ఉండేలా చూడండి.

రక్తంలో వేరే ఎనరోబ్స్ దొరికినవాళ్లు కూడా ఇది చదువుతుండొచ్చు కాబట్టి రెండు ముక్కలు. కీమో తీసుకుంటూ తెల్ల రక్తకణాలు పడిపోయి, నోరంతా పూసిన పేషెంటులో లెప్టోట్రికియా, క్లాస్ట్రిడియమ్ టెర్షియమ్ లాంటివి దొరికితే దారి ఆ పూసిన నోరు, పేగు పొరే, చీము గడ్డ కోసం అంత వెతకనక్కర్లేదు. బిలోఫిలా అంటే ముందు అపెండిక్స్ వైపు చూస్తాం, 1989లో దాన్ని మొదట వర్ణించింది కూడా అపెండిక్స్ నమూనాల్లోంచే. డెసల్ఫోవిబ్రియో చాలా నెమ్మది, గ్రామ్ స్టెయిన్‌లో వంపు తిరిగిన సన్నని కడ్డీలు కనబడి ప్లేట్ మీద ఏమీ రాకపోతే తొందరపడి పారేయకూడదు.

వీటన్నిటికీ పూర్తి భిన్నమైనది క్లాస్ట్రిడియమ్ పర్‌ఫ్రింజెన్స్. ఇది గంటల వ్యవహారం. దాని విషం ఎర్రకణాల పొరనే కరిగించేస్తుంది. ల్యాబ్‌కి వచ్చిన రక్తాన్ని మెషీన్‌లో వేసి వేగంగా తిప్పితే పైన లేత పసుపు సీరం రావాలి, ద్రాక్షరసంలా ఎర్రగా వస్తుంది. సూది సరిగా గుచ్చలేదు, శాంపిల్ పాడైంది, మళ్లీ తీయండి అని వెనక్కి పంపుతారు. రెండోదీ అలాగే వస్తుంది. ఈలోగా పేషెంటు హిమోగ్లోబిన్ పడిపోతూ ఉంటుంది. మా కుర్ర టెక్నీషియన్లకి నేను పదేపదే చెప్పేది ఇదే: జ్వరం ఉన్న పేషెంటు రెండో శాంపిల్ కూడా ఎర్రగా వస్తే రిజెక్ట్ బటన్ నొక్కకండి, ఫోన్ ఎత్తండి. పెన్సిలిన్, క్లిండామైసిన్, సర్జన్, అన్నీ అప్పటికప్పుడు కావాలి. నాన్నగారిది ఆ కోవ కాదు, దయచేసి ఇది చదివి కంగారు పడకండి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. రౌండ్స్‌కి డాక్టరుగారు వచ్చినప్పుడు ఇవి అడగండి: ఇన్ఫెక్షన్ మొదలైన చోటు దొరికిందా, దొరికితే అక్కడ చీము తీయాల్సింది ఉందా, మళ్లీ బ్లడ్ కల్చర్ తీసి శుభ్రమైందని చూశారా, సెన్సిటివిటీ రిపోర్టు వచ్చిందా, మొత్తం మందు ఎన్నాళ్లు. మూలం దొరికి శుభ్రమైతే ఒకటి రెండు వారాలు సరిపోతుంది, లివర్‌లో చీము ఉన్నా వెన్నెముకకి పాకినా నాలుగు నుంచి ఆరు వారాలు. మందు పడుతున్నా కల్చర్ మళ్లీ మళ్లీ పాజిటివ్ వస్తుంటే మాత్రం కనబడని గడ్డ ఉందా, గుండె కవాటాలకి పట్టిందా అని చూడాలి.

ఆయన గుండెకి డిగాక్సిన్ వాడుతున్నారా? వాడుతుంటే తప్పకుండా చెప్పండి. విచిత్రంగా ఉంటుంది గానీ, ఎగర్తెల్లా లెంటా పేగులో డిగాక్సిన్‌ని పనికిరాకుండా మార్చేయగలదు, ఇది 1980ల నుంచే తెలుసు. యాంటీబయాటిక్ దాన్ని చంపేస్తే అదే మోతాదు డిగాక్సిన్ కొందరిలో ఎక్కువై కూర్చోవచ్చు.

ఇంటికి పంపేటప్పుడు మెట్రోనిడజోల్ మాత్రలు ఇస్తే నోరంతా లోహం రుచి వస్తుంది, మూత్రం ముదురు రంగులోకి మారవచ్చు, రెండూ కంగారు పడేవి కావు. మద్యం అలవాటుంటే మందు వాడినన్నాళ్లూ, ఆపాక మూడు రోజులూ ముట్టకూడదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూడాలి. వారాల తరబడి వాడాల్సి వచ్చి కాళ్లు తిమ్మిర్లెక్కితే, షుగర్ వల్లే అనుకుని వదిలేయకండి, ఈ మందు కూడా నరాలని దెబ్బతీస్తుంది, డాక్టరుకి చెప్పండి.

ప్రోబయాటిక్ ఇవ్వొచ్చా అని చివర్లో అడిగారు. పేగు పొర దెబ్బతిన్న ఈ సమయంలో బతికున్న బ్యాక్టీరియా క్యాప్సూళ్లు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఆ క్యాప్సూళ్లలో ఉండే లాక్టోబాసిల్లసే రక్తంలోకి వెళ్లిన కేసులు ఉన్నాయి, ఎక్కువగా నెలలు నిండని పసికందుల్లో, రోగనిరోధక శక్తి లేనివాళ్లలో. నాన్నగారి విషయంలో లాభం కూడా పెద్దగా ఉండదు.

డిశ్చార్జ్ అయ్యాక వణుకుతో జ్వరం తిరిగొచ్చినా, కడుపు బిగుసుకున్నా, కళ్లు పచ్చబడినా, కొత్తగా నడుము నొప్పి మొదలై పడుకున్నా తగ్గకపోయినా, మాట తికమకగా వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి, పాత కల్చర్ రిపోర్టు చేతిలో పట్టుకుని. అక్కడి డ్యూటీ డాక్టరు ఈ పేరు ఎప్పుడూ విని ఉండకపోవచ్చు, కాగితం చూపిస్తే మొదటి ఇంజెక్షనే సరైనది పడుతుంది. స్కాన్ రిపోర్టు వచ్చాక అందులో "ఇంప్రెషన్" కింద రాసిన నాలుగు లైన్లు, సెన్సిటివిటీ రిపోర్టులో మందుల పట్టిక ఇక్కడ రాయండి, పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి. చూసి చెప్తాను.